‘నైవ్స్ అవుట్’లో నవ్వు ఎక్కడ పుడుతుంది, మీ ఆస్తి గొడవ కథలో ఎందుకు పుట్టడం లేదు

మీరు అడిగినవి రెండు సంగతులు. ‘నైవ్స్ అవుట్’ అనే ఇంగ్లీషు మర్డర్ మిస్టరీ సినిమా చూశారు. ముసలాయన ఎలా చనిపోయాడో మొదటి మూడోవంతులోనే చూపించేశారు, అయినా చివరిదాకా కదలనివ్వలేదు, పైగా నవ్వించింది, అదెలా అన్నారు. రెండోది మీ కథ. భీమవరం వైపు రొయ్యల చెరువులున్న పెద్దాయన పోతే ముగ్గురు పిల్లలు ఆస్తి కోసం కొట్టుకుంటారు. డార్క్ కామెడీ అనుకుని మొదలుపెట్టారు, కానీ చదివిన నలుగురూ “అందరూ దుర్మార్గులే, ఎవర్నీ చూడబుద్ధి కావట్లేదు” అన్నారు. వీలునామా గురించి కూడా ఒక చిన్న ప్రశ్న వేశారు, దానికి ఆఖర్న వస్తాను.

నేను ఇరవై ఏళ్ళ పైనుంచి స్టోరీ డిస్కషన్లలో కూర్చుంటున్నాను. ఎక్కువగా కుటుంబ కథలే చేశాను. ఈ సినిమాని చాలాసార్లు చూశాను, అందులో రెండుసార్లు ప్రతి సీనూ కాగితం మీద రాసుకుంటూ చూశాను. ఇక్కడ కథ మొత్తం విప్పేస్తాను కాబట్టి ఇంకా చూడనివాళ్ళు ముందు సినిమా చూసి రండి. ఈ సినిమాని మొదటిసారి ఏమీ తెలియకుండా చూడాలి, ఆ అవకాశం ఒక్కసారే ఉంటుంది.

చూసినవాళ్ళకి కూడా పేర్లు గుర్తుండవు కాబట్టి కథ రెండు ముక్కల్లో చెప్తాను. రియన్ జాన్సన్ రాసి, డైరెక్ట్ చేసిన సినిమా ఇది. 2019 నవంబరు 27న, థాంక్స్ గివింగ్ పండగ ముందురోజు అమెరికాలో విడుదలైంది. అక్కడ కుటుంబాలన్నీ ఒకచోట చేరి భోజనం చేసే పండగ అది. హార్లన్ త్రాంబీ డిటెక్టివ్ నవలలు రాసి కోట్లు సంపాదించిన మనిషి, మసాచుసెట్స్‌లో పెద్ద బంగళా ఉంది. 85వ పుట్టినరోజు పార్టీ జరిగిన మర్నాడు పొద్దున మేడమీద గదిలో గొంతు తెగి చనిపోయి కనిపిస్తాడు. పెద్దకూతురు లిండాది రియల్ ఎస్టేట్ వ్యాపారం. ఆమె భర్త రిచర్డ్, కొడుకు రాన్సమ్. హార్లన్ చిన్నకొడుకు వాల్ట్ తండ్రి పుస్తకాలు వేసే పబ్లిషింగ్ కంపెనీ చూసుకుంటూ ఉంటాడు. చనిపోయిన ఇంకో కొడుకు భార్య జోని, ఆమె కూతురు మెగ్. వీళ్ళందరి మధ్యా పెద్దాయనకి మందులిచ్చే నర్సు మార్తా. ఎవరో కవరులో డబ్బు పెట్టి పంపితే విచారణకి వచ్చిన డిటెక్టివ్ బెన్వా బ్లాంక్.

ఇప్పుడు మొదటి పావుగంట గుర్తు తెచ్చుకోండి. కుటుంబంలో ఒక్కొక్కరినీ కుర్చీలో కూర్చోబెట్టి పోలీసులు ప్రశ్నలు అడుగుతారు. వెనకాల చక్రంలా అమర్చిన కత్తులు. ఇంకాస్త వెనక పియానో దగ్గర బ్లాంక్ మాట్లాడకుండా కూర్చుని అప్పుడప్పుడు ఒక మెట్టు నొక్కుతుంటాడు. అందరూ ఆ రాత్రి పార్టీ గురించే చెప్తారు. పెద్దాయన కేకు మీద కొవ్వొత్తులు ఊదిన ఘట్టం అందరి మాటల్లోనూ వస్తుంది. ఈసారి చూసినప్పుడు ఆ కేకు దగ్గర ఆపి చూడండి. ఎవరు చెప్తున్నప్పుడు వాళ్ళే పెద్దాయన పక్కన నిలబడి ఉంటారు. ఆ జ్ఞాపకంలో మిగతావాళ్ళు వెనకెక్కడో ఉంటారు.

నా దృష్టిలో సినిమా మొత్తం ఆ ఒక్క షాట్‌లో ఉంది. వాళ్ళు అక్కడ పోలీసులకి అబద్ధం చెప్పడం లేదు. నాన్నకి దగ్గరి మనిషిని నేనే అని ఒక్కొక్కరూ మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు. ఆ నమ్మకానికీ మనం కళ్ళారా చూసేదానికీ మధ్య ఎంత ఎడం ఉందో, అక్కడే నవ్వు పుడుతుంది. మీరు పంపిన సీన్లలో లేనిది ఇదే. మీ పాత్రలకి తాము చెడ్డవాళ్ళమని తెలుసు. మీ పెద్దకొడుకు అద్దం ముందు నిలబడి “ముసలోడు ఎప్పుడు పోతాడా అని పదేళ్ళు చూశాను” అంటాడు. ఆ మాట తర్వాత ప్రేక్షకుడికి చేయడానికి పనేమీ మిగలదు. తీర్పు ఆ పాత్రే ఇచ్చేసుకుంది.

లిండాని చూడండి. తన వ్యాపారాన్ని పునాది నుంచి తనే కట్టుకున్నానని చెప్పుకుంటుంది. ఆ పునాదిలో తండ్రి ఇచ్చిన పది లక్షల డాలర్ల అప్పు ఉంది. వాల్ట్ “మా కంపెనీ” అంటాడు, అది అమ్మేది తండ్రి రాసిన పుస్తకాలే. జోని ఒంటికి రాసుకునే క్రీములూ, ప్రశాంతంగా బతకడం ఎలాగో చెప్పే మాటలూ అమ్ముతూ ఉంటుంది. కూతురి కాలేజీ ఫీజు మామగారి దగ్గర రెండుసార్లు వసూలు చేసింది, ఒకటి కాలేజీకి వెళ్ళింది, ఇంకోటి తన ఖాతాకి. ఏడాదికి లక్ష డాలర్లు చొప్పున నాలుగేళ్ళు. ఇది బయటపడినప్పుడు కూడా ఆమె మొహంలో దొంగతనం చేసిన భావం ఉండదు, ఏదో పొరపాటు దొర్లిందన్నట్టు చూస్తుంది. టోనీ కోలెట్ ఆ పాత్ర చేసిన తీరు కోసమే ఇంకోసారి చూడొచ్చు.

పెద్దాయన కూడా తక్కువ తినలేదు, ఈ సంగతి చాలామంది వదిలేస్తారు. పార్టీ రోజునే వాల్ట్‌ని పక్కకి పిలిచి కంపెనీ నుంచి తప్పిస్తాడు. అప్పుడు ఆయన అనే మాటల సారాంశం ఏమిటంటే, ఇన్నేళ్ళూ నిన్ను నీ సొంతానికి ఏదీ కట్టుకోనివ్వకుండా నేనే అడ్డుపడ్డాను, నీకు అన్యాయం చేశాను అని. డబ్బు చేతికిచ్చి పెంచింది ఆయనే. ఆ డబ్బు తీసుకుని ఎదగలేదని కోపం తెచ్చుకున్నదీ ఆయనే. ఒక్క రాత్రిలో అల్లుడికి ‘నీ వ్యవహారం నా కూతురికి చెప్తాను’ అంటాడు, కోడలికి డబ్బు ఆపేస్తాడు, కొడుకుని తీసేస్తాడు, మనవడు రాన్సమ్‌కి వీలునామాలో ఏమీ లేదని చెప్తాడు. పిల్లల్ని బాగుచేయడానికి ఎనభై ఐదో ఏట, అదీ పుట్టినరోజు నాడు పూనుకున్న తండ్రి ఆయన. మీ కథలో పెద్దాయన దేవుడు. ఆయన ఫోటోకి దండ వేసి పక్కన పెట్టేశారు, దాంతో పిల్లల కుళ్ళు ఎక్కడి నుంచి వచ్చిందో కథలో ఎక్కడా కనిపించదు. ఆయనకీ ఒక తప్పు ఇవ్వండి. పిల్లల మీద ప్రేమతోనే చేసిన తప్పయితే ఇంకా మంచిది.

ఇక మార్తా. ఈ పాత్ర లేకపోతే ఈ సినిమా ఉండేదే కాదు, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను.

కుటుంబంలో అందరూ మార్తాని ‘మా ఇంటి మనిషి’ అంటారు. ఆమెది ఏ దేశం అంటే మాత్రం ఒకరు ఈక్వడార్ అంటారు, ఒకరు పరాగ్వే, ఒకరు ఉరుగ్వే, ఒకరు బ్రెజిల్. సినిమా పూర్తయ్యేదాకా ఏది నిజమో మనకి చెప్పరు. చెప్పకపోవడమే సరైంది, వాళ్ళు ఎవరూ ఆమెని అడగలేదు కాబట్టి. పార్టీ రాత్రి వలస వచ్చినవాళ్ళ గురించి పెద్ద వాదన జరుగుతుంది. రిచర్డ్ మార్తాని పిలిచి, ఇదిగో ఈమెలా పద్ధతిగా వచ్చి కష్టపడేవాళ్ళంటే మాకు గౌరవం అన్న ధోరణిలో మాట్లాడతాడు. మాట్లాడుతూనే చేతిలో ఉన్న ఎంగిలి ప్లేటు ఆమె చేతికిస్తాడు. ఆమె మొహం కేసి కూడా చూడడు. డైలాగు ఒకటి చెప్తోంది, చెయ్యి ఇంకోటి చేస్తోంది. ఆ చెయ్యి ఏం చేసిందో ఆయనకి తెలియదు. ఆయన్ని ఆపి అడిగితే, గౌరవంగానే మాట్లాడానుగా అంటాడు, నిజాయితీగానే అంటాడు.

అంత్యక్రియలకి మార్తాని పిలవలేదు. తర్వాత కుటుంబంలో ఒకరి తర్వాత ఒకరు ఆమె దగ్గరికొచ్చి ఒకే మాట చెప్తారు, “నువ్వు రావాలనే నేనన్నాను, మిగతావాళ్ళు ఒప్పుకోలేదు” అని. మొదటిసారి విన్నప్పుడు పాపం మంచిమనిషి అనిపిస్తుంది. రెండోవాళ్ళు అదే మాట అన్నప్పుడు మనకి అర్థమవుతుంది. అందరూ రావాలనే అంటే మరి వద్దన్నది ఎవరు? సినిమా ఆ ప్రశ్న పైకి అడగదు. ఆ లెక్క మనచేతే వేయిస్తుంది, లెక్క తేలగానే నవ్వొస్తుంది, ఆ వెంటనే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. డార్క్ కామెడీ అని దేన్ని అంటారని నన్ను ఎవరైనా అడిగితే ఈ మాట చూపిస్తాను.

ఇది మనకి తెలియని విషయమేమీ కాదు. మా దగ్గరి బంధువుల ఇంట్లో ఒక పెద్దాయన మంచాన పడితే ఆరేళ్ళు ఒకావిడ చూసుకుంది. స్నానం, మందులు, రాత్రి రెండింటికి లేచి పక్క మార్చడం, అన్నీ ఆవిడే. “మా అక్కలాంటిది, మా ఇంట్లో మనిషే” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాళ్ళు. ఆవిడ స్టీలు గ్లాసు అడుగున ఎర్ర నెయిల్ పాలిష్‌తో చిన్న చుక్క ఉండేది, మిగతా గ్లాసుల్లో కలిసిపోకుండా. పెద్దకర్మ రోజు ఆవిడ పెరట్లో కూర్చుని అందరి తర్వాత భోంచేసింది. సామాన్లు పంచుకునేటప్పుడు ఆయన పోయిన మంచం అందరూ వద్దన్నారు. అప్పుడు ఒకరికి గుర్తొచ్చి, “ఆ మంచం నువ్వు తీసుకెళ్ళమ్మా, ఆయన జ్ఞాపకంగా ఉంటుంది” అన్నారు. ఆ మాట అన్న మనిషి కళ్ళలో నీళ్ళున్నాయి. అవి నిజమైన నీళ్ళే, నేను పక్కనే ఉన్నాను. ఆ కన్నీళ్ళు నటన అని రాస్తే సీన్ పోయినట్టే. నిజమని రాయండి, గ్లాసు అడుగున చుక్క కూడా చూపించండి. రెండూ పక్కపక్కన పెట్టి మీరు తప్పుకోండి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న, రహస్యం ముందే ఎందుకు చెప్పేశారు?

మార్తాకి ఒక ఇబ్బంది ఉంది, అబద్ధం చెప్తే వాంతి అవుతుంది. ఇది నవ్వు కోసం పెట్టింది అనిపిస్తుంది కానీ కథ అంతా ఈ మేకు మీదే వేలాడుతోంది. ఆ రాత్రి పెద్దాయనకి ఇవ్వాల్సినవి నొప్పి తగ్గించే కెటోరోలాక్ 100 మిల్లీగ్రాములు, ఎక్కువైతే ప్రాణం తీసే మార్ఫిన్ 3 మిల్లీగ్రాములు. ఇంజెక్షన్ ఇచ్చాక సీసాల మీద లేబుల్ చూసి, రెండూ తారుమారయ్యాయని ఆమె అనుకుంటుంది. అంటే 100 మిల్లీగ్రాముల మార్ఫిన్ ఎక్కిందని. విరుగుడు మందు నాలోక్సోన్ సంచిలో కనిపించదు. పది నిమిషాల్లో ఈయన పోతాడు, తను జైలుకి పోతుంది, కాగితాల్లేకుండా ఆ దేశంలో ఉంటున్న తల్లిని పంపించేస్తారు. అప్పుడు హార్లన్ తన నవలలకి ప్లాటు అల్లినట్టే ఆ పది నిమిషాల్లో ఆమె బయటపడే దారి అల్లుతాడు. ఏ మెట్టు మీద చప్పుడవుతుంది, ఎప్పుడు ఎవరికి కనిపించాలి, ఏ కిటికీలోంచి తిరిగి రావాలి, అన్నీ చెప్పి, ఆమె మీదికి అనుమానం రాకుండా తన గొంతు తనే కోసుకుంటాడు.

ఇంత పెద్ద సంగతి మొదట్లోనే చెప్పేయడంతో మన టెన్షన్ జాతి మారిపోతుంది. ‘ఎవరు చంపారు’ అన్నది వెనక్కి వెళ్ళి, ‘ఈ పిల్ల దొరికిపోతుందా’ అన్నది ముందుకొస్తుంది. మామూలు హత్య కథలో డిటెక్టివ్ గెలవాలని కోరుకుంటాం. ఇక్కడ డిటెక్టివ్ కాస్త తెలివి తక్కువగా ఉంటే బాగుండునని కోరుకుంటాం. బురదలో తన అడుగుల గుర్తులు తనే తొక్కి చెరిపేస్తుంది మార్తా. తను ఎక్కినప్పుడు విరిగిన చెక్క ముక్క దొరికితే దూరంగా విసిరేస్తుంది, కుక్క అది నోట కరుచుకుని తీరిగ్గా బ్లాంక్ ముందుకి తెస్తుంది. ఆ కుక్క నడిచొస్తున్నప్పుడు హాల్లో జనం నవ్వుతారు, సీటు అంచుకీ జరుగుతారు. మనం ఆమె వైపు చేరిపోయాం కాబట్టే అది సాధ్యమైంది.

మీ కథ చదివినవాళ్ళు ‘ఎవర్నీ చూడబుద్ధి కావట్లేదు’ అన్నదానికి జవాబు ఇక్కడుంది. ముగ్గురు పిల్లల్లో ఒకరిని మంచివాళ్ళని చేయడం పరిష్కారం కాదు. చాలామంది రైటర్లు ఆ పని చేస్తారు, చిన్నకొడుకు మంచోడు, చివరికి ఆస్తి వాడిదే. అలా చేస్తే అది మామూలు సెంటిమెంట్ సినిమా అవుతుంది. కుటుంబాన్ని కుటుంబంలాగే ఉంచి, ఆ ఇంట్లో ఉంటూ ఆ ఇంటికి చెందని మనిషి కళ్ళలోంచి చూపించండి.

వీలునామా చదివే సీను దగ్గరికి వద్దాం. ఇల్లు, కంపెనీ, పుస్తకాల హక్కులు, ఆరుకోట్ల డాలర్ల ఆస్తి, మొత్తం మార్తాకి రాసేశాడు పెద్దాయన. లాయరు చదవడం ముగించాక ఎంత వేగంగా మారతారో చూడండి. ‘మా ఇంటి మనిషి’ అన్న నోళ్ళే ఆమె కారు దాకా వెంటపడతాయి. నాకు ఇంకా ఎక్కువ నచ్చింది దాని తర్వాతి భాగం. అరిచి లాభం లేదని తెలిశాక అందరూ మళ్ళీ మంచిగా మాట్లాడటం మొదలుపెడతారు. నీకేం కావాలన్నా మేం చూసుకుంటాం, నువ్వు ఆస్తి వదులుకో చాలు. మెగ్ ఆ ఇంట్లో అందరికన్నా మంచి అమ్మాయి, మార్తాకి నిజంగా స్నేహితురాలు. ఆ మెగ్ దగ్గర్నుంచే మార్తా తల్లికి కాగితాలు లేవన్న రహస్యం కుటుంబానికి చేరుతుంది. తర్వాత వాల్ట్ మార్తా ఉండే అపార్ట్‌మెంట్‌కి వెళ్ళి, మీ అమ్మగారికి ఇబ్బంది వస్తే మంచి లాయర్లని పెట్టి మేం కాపాడతాం అంటాడు. బెదిరింపుని సాయం రూపంలో చెప్తాడు. ఆ డబ్బు ఇప్పుడు నాదే, ఆ లాయర్లని నేనే పెట్టుకోగలను కదా అన్న అర్థంలో మార్తా అప్పుడు జవాబిస్తుంది, సినిమాలో ఆమె వెన్నెముక నిలబడేది అక్కడే.

పార్టీ రాత్రి ఆ కుటుంబంలో రెండు రాజకీయ పక్షాలుంటాయి. వలసల మీద ఒకరికొకరు పడదు. ఆస్తి చెయ్యి దాటగానే రెండు పక్షాలూ ఒక్కటైపోతాయి. రియన్ జాన్సన్ ఒక పక్షాన్ని మంచిదని చూపించి తప్పించుకోలేదు, మెగ్‌ని కూడా వదల్లేదు. అందుకే ఈ సినిమా మీద నాకు గౌరవం.

అసలు దోషి రాన్సమ్. సీసాల్లో మందు మార్చిపెట్టిందీ, విరుగుడు దొంగిలించిందీ, బ్లాంక్‌ని డబ్బిచ్చి పిలిపించిందీ అతనే. ‘హంతకుడు హతుడి ఆస్తికి వారసుడు కాలేడు’ అన్న రూలుతో మార్తాకి దక్కకుండా చేయాలని పథకం. అతను సీసాల్లో మందు మార్చాడు. ఆమె లేబుల్ చూడకుండా, చేతి అనుభవంతో ద్రవం చిక్కదనాన్ని బట్టి సరైన మందే తీసింది. తప్పు మందు ఇచ్చాననుకుంది కానీ ఇవ్వలేదు. మంచి నర్సు కాబట్టి నిర్దోషి అయింది. నేను చూసిన మిస్టరీల్లో ఇంత అందమైన ముడి విప్పడం తక్కువ. ఎక్కడో దొరికిన వేలిముద్రో, సీసీ కెమెరానో ఆమెని కాపాడలేదు. రోజూ చేసిన పని కాపాడింది.

చివర్లో రాన్సమ్ ఇది మా తాతముత్తాతల ఇల్లు అని గొంతు చించుకుంటే బ్లాంక్ పడీపడీ నవ్వుతాడు. హార్లన్ ఆ ఇంటిని 1980ల్లో పాకిస్తాన్ నుంచి వచ్చిన ఒక రియల్ ఎస్టేట్ కోటీశ్వరుడి దగ్గర కొన్నాడు. తాతే కొన్న ఇంటికి వంశం అంటగట్టేశారు. కేకు పక్కన నిలబడినట్టే ఇదీ.

వస్తువుల వాడకం గురించి ఒక్కటే చెప్పి వదిలేస్తాను, లేకపోతే ఇది తెగదు. రిచర్డ్ మామగారి బల్ల సొరుగులు వెతుకుతాడు. తన గుట్టు రాసి ఉందనుకున్న ఉత్తరం తీస్తే తెల్లకాగితం. ఊపిరి పీల్చుకుని కోపంతో బేస్‌బాల్ బంతి కిటికీలోంచి విసిరేస్తాడు. ఆ బంతి చేతులు మారి చివరికి లిండా చేతికి వస్తుంది. దాన్ని బల్ల మీద తిరిగి పెట్టడానికి వెళ్ళిన లిండాకి ఉత్తరం కనిపిస్తుంది. చిన్నప్పటి నుంచీ తండ్రీ కూతుళ్ళు కనపడని సిరాతో రాసుకునే ఆట ఒకటి ఉంది. లైటరు వెలిగించి కింద పెడితే అక్షరాలు తేలతాయి. భర్త విసిరిన బంతే భార్యని ఉత్తరం దాకా నడిపించింది. ఇంకో సంగతి, ఆ కుటుంబం మొత్తంలో తండ్రితో నిజమైన బంధం ఉన్నది లిండాకేనని మనకి తెలిసేది అక్కడే. అప్పటిదాకా ఆమెని చూసి నవ్విన మనకి ఒక్క క్షణం సిగ్గేస్తుంది. ఆ క్షణం ఇవ్వగలిగితే మీ పాత్రలు దుర్మార్గుల బొమ్మలుగా మిగిలిపోవు.

ఇక మీ కథ. పెద్దాయన పోయిన రాత్రి సీను మళ్ళీ రాయండి. మీది రొయ్యల చెరువుల ఊరు, దాన్ని కేవలం డబ్బు ఎక్కడిదో చెప్పడానికి వాడుకున్నారు. రాత్రిపూట నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుందని, నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు తిరగకపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుందని నాకంటే మీకే బాగా తెలుసు. రొయ్యలు పట్టడానికి ఇంకో వారం ఉందనుకోండి. హాల్లో శవం ఉంది, చుట్టాలు దిగుతున్నారు. అప్పుడు కరెంటు పోయింది. జనరేటర్ వెయ్యాలంటే ఎవరో ఒకరు చెరువు దగ్గరికి వెళ్ళాలి. నాన్న శవం దగ్గర్నుంచి ముందు లేచినవాడు లోకుల కళ్ళకి చెడ్డవాడు. లేవకపోతే లక్షల్లో నష్టం. పెద్దవాడు “తమ్ముడూ, నువ్వు అలిసిపోయావు, కాస్త బయట గాలికి తిరిగిరా” అంటాడు. చిన్నవాడు “నాన్నని వదిలి నేనెక్కడికీ రాను అన్నయ్యా” అంటాడు. అమెరికా నుంచి వీడియో కాల్లో ఉన్న అమ్మాయి ఏడుస్తూనే, “చీకట్లో నాన్న మొహం కనపడట్లేదు, ఎవరైనా కరెంటు సంగతి చూడండి” అంటుంది. ముగ్గురూ నాన్న గురించే మాట్లాడుతున్నారు, ముగ్గురి బుర్రలోనూ రొయ్యలే. ఎవరి మాటలోనూ ఒక్క చెడ్డ అక్షరం లేదు.

మీ వెర్షన్లో డ్రైవరు రెండు సీన్లకి వచ్చి పోతాడు. అతన్ని లోపలికి తీసుకురండి. ఎవరూ చెప్పకుండానే టార్చిలైటు తీసుకుని చెరువు గట్టు మీదికి వెళ్ళేది అతనే. జనరేటర్ వేసి, ఒళ్ళంతా బురదతో తిరిగొచ్చేసరికి పెద్దాయన్ని కడసారి చూసుకునే వంతు అయిపోయి ఉంటుంది. “అరె, నీకోసం ఆగమనే నేనన్నాను” అని ముగ్గురిలో ఒకరి చేత అనిపించకండి, అది ఆ సినిమాది. మీ ఊరి మాట ఏదో మీకే తెలుస్తుంది.

వీలునామా ప్రశ్న. పెద్దాయన డ్రైవరుకి ఆస్తి రాస్తే ఇక్కడ చెల్లుతుందా అన్నారు. స్వార్జితమైతే ఎవరికైనా రాసుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. కథకి పనికొచ్చేది ఈ సాక్షులే, ఆ ఇద్దరు ఎవరో, ఇన్నాళ్ళూ ఎందుకు నోరు మెదపలేదో ఆలోచించండి. హత్య చేసినవాళ్ళు, దానికి సాయపడినవాళ్ళు హతుడి ఆస్తికి వారసులు కాలేరన్న రూలు మనకీ ఉంది, 1956 హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తి అయితే ఆయన తన వాటా వరకే రాయగలడు. అందులో కూతురికీ కొడుకులతో సమానంగా హక్కుంది. పెళ్ళికాని కూతుళ్ళకి మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచే ఉంది, దేశమంతటా కూతుళ్ళందరికీ 2005లో వచ్చింది. “దానికి పెళ్ళప్పుడే ఇచ్చేశాంగా” అని మీ పెద్దకొడుకు ఎలాగూ అంటాడు, ఆ మాట నమ్మే అంటాడు. కాబట్టి సీన్లు రాసేముందు ఆయన చెరువుల్లో సొంతంగా కొన్నవి ఎన్ని ఎకరాలు, తాతల నాటి వరిపొలాన్ని తవ్వినవి ఎన్ని ఎకరాలు అన్నది ఒక కాగితం మీద వేసుకోండి. డ్రైవరుకి ఏం దక్కుతుంది, ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసి టికెట్ బుక్ చేసుకుని వస్తుందా రాదా అన్నది ఆ లెక్క మీదే ఉంటుంది.